అండ్ సన్స్ వారి నెయ్యి

“పేర్లు రాసేదానికి గూడా జీతమిస్తారా పాపా?” అని రుక్మిణమ్మ అడిగినప్పుడు ఆమె కోడలు ఝాన్సీ మోచేతుల దాకా వెన్నలో ఉంది. చిలికిన వెన్నను చల్లని నీళ్ళలో పిసికి పిసికి కడగాలి. నీళ్ళలో మజ్జిగ తెలుపు పోయేదాకా కడుగుతూనే ఉండాలి. కొంచెం మజ్జిగ మిగిలినా నెయ్యి త్వరగా వాసన వేస్తుంది. పుంగనూరులో ఆ ఇంటి నెయ్యి వాసన వేసిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనకుండా ఉండటానికి ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ వేళ్ళు ఏడాది పొడుగునా నీళ్ళలో నానుతూ ఉంటాయి. చలికాలంలో గోళ్ళ పక్కన చర్మం పగిలి మంట పుడుతుంది. ఆ చేతులతోనే ఝాన్సీ పొద్దున మదనపల్లె బస్సెక్కుతుంది, సాయంత్రం దిగి వచ్చి మళ్ళీ వెన్న దగ్గర కూర్చుంటుంది.

అత్త అడిగిన దాంట్లో వెటకారం లేదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. మదనపల్లెలో బెంగుళూరు బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ షాపు మేడమీద హరినాథ్ అనే ఆయన చిన్న ఆఫీసు నడుపుతాడు. చుట్టుపక్కల అంగళ్ళకు, స్కూళ్ళకు, టమోటా నర్సరీలకు వెబ్‌సైట్లు చేసిపెడతారు. ఝాన్సీ అక్కడ ఒక్కో పేజీకి ఒక టైటిల్ రాస్తుంది. మనం గూగుల్లో ఏదైనా వెతికితే వరసగా పెద్ద అక్షరాల్లో పడతాయే, ఆ లైన్లు. వెతికేవాళ్ళు ఆ ఒక్క లైను చూసి వేలు పెడతారు, నచ్చకపోతే కిందికి పోతారు. పేజీ లోపల ఎంత బంగారమున్నా ఆ లైను సరిగా లేకపోతే ఎవరూ గడప తొక్కరు. ఇంతా చెప్పడం ఎందుకని ఝాన్సీ “అంగడి బోర్డు లాంటిది అత్తా” అని తేల్చేసింది. ఆ ఒక్క పోలిక చెప్పకుండా ఉంటే బాగుండేదని తర్వాత ఆమెకు చాలాసార్లు అనిపించింది.

ఎందుకంటే పక్క గదిలో మంచం మీదున్న మామ రామచంద్రప్ప ఆ మాట విన్నాడు.

బజారు వీధిలో ఆ ఇంటి అంగడికి ఒక బోర్డు ఉంది. పైన మధ్యలో ‘శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న’. దాని కింద ఎర్రటి లావు అక్షరాల్లో ‘రామచంద్రప్ప అండ్ సన్స్’. ఆ కింద, చోటు మిగిలితే రాసినట్టు, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి. సన్స్ ఇద్దరు. పెద్దవాడు కుమారస్వామి, ఝాన్సీ మొగుడు, అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. చిన్నవాడు గణేష్ పల్లెల నుంచి పాల క్యాన్లు వ్యానులో తోలుకొస్తాడు. ఆ పాలు తోడుపెట్టడం, చిలకడం, వెన్న కడగడం, నెయ్యి కాచడం ఇంట్లో జరుగుతాయి. ఇంట్లో జరిగేవాటికి బోర్డుతో పనిలేదు.

అందరికీ వెబ్‌సైట్లు ఉన్నాయి, మనకూ ఉండాలని కుమారస్వామి పట్టుబట్టాడు. “బయటోళ్ళకు సేసేది మనింటికి సేయలేవా? మన పనికి కూలి ఏంది?” అన్నాడు. ఆదివారం అంటే ఝాన్సీకి తలకు పోసుకుని, కూతురు వర్షితను పక్కన కూర్చోబెట్టుకుని కాసేపు ఊరికే ఉండే రోజు. అలాంటి ఆదివారాలు వరసగా పోయాయి. పేజీలు తయారయ్యాక టైటిళ్ళ దగ్గర మామ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“బోర్డు లాంటిదంటివి గదమ్మా. బోర్డులో ఉండేది ఉండేట్టు రాయి. ముందు స్వామి పేరు, ఆనెక నా పేరు.”

“అన్ని పేజీలకూ అదే రాస్తే ఏ పేజీలో ఏముండాదో తెలీదు మామా. ఆ లైన్లో కొన్ని అక్షరాలే పడతాయి. మిగతాది కోసేసి చుక్కలు పెట్టేస్తారు. మనం అమ్మేది ముందుండాల, మన పేరు ఎనక ఉండాల.”

“స్వామిని ఎనక్కి నెట్టి నెయ్యిని ముందర పెట్టమంటావా?” అని ఆయన నవ్వాడు. ఇంటి పెద్దలు నవ్వే ఆ నవ్వు తర్వాత ఇంక మాట ఉండదు. కుమారస్వామి, “నాయన సెప్పినట్టు పెట్టు. నీకేం పోతాది?” అన్నాడు.

ఆమెకు పోయేదేమీ లేదు. పెట్టింది. నెయ్యి పేజీకీ, వెన్న పేజీకీ, కోవా పేజీకీ ఒకే టైటిల్. వెతికితే ‘శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న – రామచంద్రప్ప’ దాకా కనబడి చుక్కలు పడిపోయాయి. నెయ్యి అన్న మాట ఎక్కడా లేదు. నెయ్యి కావలసినవాళ్ళు రాలేదు గానీ, భక్తులు వచ్చారు. గుడి తలుపులు ఎన్నింటికి తీస్తారని ఒకాయన, అభిషేకం టికెట్ ఎంతని ఒకామె, బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించాలి, మంగలి అక్కడే ఉంటాడా అని ఇంకొకాయన ఫోన్లు చేశారు. రామచంద్రప్ప మొదట్లో ఓపిగ్గా “ఇది గుడి కాదప్పా, అంగడి” అని చెప్పేవాడు. తర్వాత తర్వాత విసుక్కుని ఫోను కొడుకు మీదికి విసిరేసేవాడు. ఆ విసుగు చేతులు మారుతూ చివరికి వంటింట్లోకి వచ్చి ఝాన్సీ మీద పడింది. “ఇంత సదివి, రోజూ బస్సు ఛార్జీలు పెట్టుకొని పోయి, నువ్వు నేర్చుకునింది ఇదా?” అన్నాడు కుమారస్వామి. ఎవరు చెబితే అలా రాసిందో అతనికి గుర్తులేదు. ఆ ఇంట్లో మంచి జరిగితే మామ, చెడు జరిగితే కోడలు. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు, అలవాటు అంతే. అలవాటుగా పడ్డ దెబ్బయినా దెబ్బేనని వాళ్ళకు ఎవరు చెప్పాలి?

అప్పుడు కుమారస్వామికి ఇంకో ఆలోచన వచ్చింది. “పుంగనూరు ఆవు నెయ్యి అని పెట్టెయ్. ఆ పొట్టి ఆవు పేరు సెప్తే జనం ఎగబడతారు.”

“మన పాలు ఎనుము పాలు గదా.”

“వాళ్ళేమన్నా కొట్టంలోకి వచ్చి సూస్తారా?”

ఆ ఒక్కటి మాత్రం ఝాన్సీ చేయలేదు. లోపల లేనిది పైన రాయొద్దని హరినాథ్ మొదటిరోజే చెప్పాడు. నమ్మి లోపలికి వచ్చినవాళ్ళు చూసి వెనక్కి పోతారు, మళ్ళీ మన గడప తొక్కరు. ఆఫీసులో తను నేర్చుకున్న వాటిలో ఆమెకు బాగా నచ్చింది ఆ మాటే. మిగతా విషయాల్లో ఆ ఆఫీసు కూడా ఇల్లు లాంటిదే. ఒక నర్సరీ పేజీ తను రాసిన టైటిల్‌తో గూగుల్లో పైకి వచ్చినప్పుడు, ఆ నర్సరీ యజమాని మిఠాయి పొట్లం తెచ్చి హరినాథ్ చేతిలో పెట్టి, ఝాన్సీవైపు తిరిగి “కొంచెం నీళ్ళు తీసుకురామ్మా” అన్నాడు. తెచ్చిచ్చింది. టైటిల్‌కు రాసినవాళ్ళు ఉంటారని ఎవరికీ తోచదు, అన్నానికి వండినవాళ్ళు ఉంటారని తోచనట్టే. అయినా అక్కడ ఆమెను ‘ఝాన్సీ’ అని పిలుస్తారు. ఇంట్లో ఆమె పాప, ఏమే, వర్షిత వాళ్ళమ్మ. ఎవరైనా అడిగితే కుమారస్వామి “ఇంట్లోనే ఉంటాది, ఊరికే మదనపల్లె పోయొస్తాంటాది” అంటాడు. ఆ పోయి రావడం లేకపోతే తన పేరు తనే మరిచిపోతానేమోనని ఆమెకు భయం.

ఒక ఆదివారం ఇంట్లో మగవాళ్ళు పెళ్ళికి పోయినప్పుడు ఆమె టైటిళ్ళు మార్చేసింది. తిరుగుబాటు చేయాలని కాదు, పని వచ్చిన మనిషికి పని తప్పుగా ఉంటే చేతులు ఊరుకోవు. వెతికేది ఎవరు అని ఆలోచించింది. బెంగుళూరులో ఒక ఫ్లాట్లో ఒకామె, పిల్లకు అన్నంలో వేయడానికి మంచి నెయ్యి కావాలి. ఆమె ఏమని కొడుతుంది? ఎనుము నెయ్యి అని కొట్టదు, అది మన ఊరి మాట. గేదె నెయ్యి అంటుంది. డబ్బా నెయ్యి మీద నమ్మకం లేక వెతుకుతోంది కాబట్టి ఇంట్లో కాచింది అంటుంది. మనకు నచ్చిన మాట కాదు, వెతికేవాళ్ళ నోట్లో ఉండే మాట రాయాలి. ఒక్కో పేజీకి దానిదే అయిన టైటిల్ ఉండాలి. కోవాకు కోవా, వెన్నకు వెన్న. నెయ్యి పేజీ దగ్గర ఆమె ఇలా రాసింది: ‘ఇంట్లో ఆడవాళ్ళు చిలికి కాచిన గేదె నెయ్యి – పుంగనూరు’.

రాసి, దాని వంక చూస్తూ కూర్చుండిపోయింది. ‘ఆడవాళ్ళు’ అన్న మాట ఆలోచించి రాసింది కాదు. ఆ పేజీలో ఏముందో చెప్పమంటే చేతికి వచ్చిన మాట అది. కానీ అది అక్కడ కనబడేసరికి పొయ్యి ముందు గడిచిన ఏళ్ళన్నీ గుర్తొచ్చాయి. తనకు పెళ్ళయి వచ్చిన మొదటి వారం అత్త బాండలి ముందు కూర్చోబెట్టి, చప్పుడు విను, కళ్ళతో కాదు చెవులతో కాయాల అని నేర్పింది. వెన్న కరిగి చిటపటలాడుతుంది, నీరంతా పోయాక చప్పుడు మెల్లగా అణిగిపోతుంది. అప్పుడు మునగాకు వేసి దించాలి. ఒక్క నిమిషం ఏమారితే మాడు వాసన. అందుకే ఆ సమయంలో పిల్ల ఏడ్చినా లేవకూడదు, ఒంట్లో బాగలేకపోయినా లేవకూడదు. వర్షిత కడుపులో ఉన్నప్పుడు ఆ సెగకు కళ్ళు తిరిగి గోడకు ఆనుకుంటే, రుక్మిణమ్మ గరిటె తను తీసుకుంది. మామ మాత్రం “కాన్పు అయినంక రుసి మారకుండా సూసుకోండి, గిరాకీ పోతాది” అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ నెయ్యి గురించి ఎందరో మెచ్చుకున్నారు. ఆ మెప్పు అంగట్లోనే ఆగిపోయింది, ఒక్క రోజు కూడా ఇంటిదాకా రాలేదు.

తర్వాత ఫోన్లు రావడం మొదలైంది. ఈసారి గుడి గురించి కాదు. “స్వామి కండ్లు తెరిసినాడు” అన్నాడు రామచంద్రప్ప. కుమారస్వామి అంగట్లో కూర్చుని “ఏదో ఆన్‌లైన్లో సెట్ చేసినాలే” అని చెప్పుకున్నాడు. టైటిల్ మారిందని వాళ్ళకు తెలియదు. వాళ్ళు తమ అంగడిని తామే ఎందుకు వెతుక్కుంటారు?

కుప్పం నుంచి మాలతి అనే ఆమె ఫోన్ చేసిన రోజు గుట్టు బయటపడింది. ఆమె అక్కడ మిఠాయిలు తయారుచేసి ఇటు బెంగుళూరుకు, అటు కృష్ణగిరికి పంపిస్తుందట. నెలనెలా ఒకే చోట నెయ్యి తీసుకోవాలని చూస్తోంది. ఫోన్ రామచంద్రప్ప చేతిలో స్పీకర్ పెట్టి ఉంది, మాట అందరికీ వినబడుతోంది.

“ఇంట్లో ఆడవాళ్ళు కాచింది అని రాసుండారు గదా సార్, అది సూసే ఫోన్ చేస్తాండా. ఆయమ్మలతో ఒకతూరి మాట్లాడాల.”

“ఎవురు రాసినారమ్మా అట్లా?”

“మీరే గదా సార్. మీ పేజీ పైనే ఉండాది.” ఆమె చదివి వినిపించింది. “శనివారం పొద్దున్నే బయలుదేరి వస్తాము. కాసేటప్పుడు కండ్లారా సూడాల సార్. సూసినాకే మాట ఇస్తాను.”

ఫోన్ పెట్టేశాక రామచంద్రప్ప కోడల్ని పిలిచాడు. అరవలేదు. అరిచి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

“స్వామి పేరు తీసేసినావు. నా పేరు తీసేసినావు. ఆడోళ్ళ పేరు సెప్పుకొని యాపారం సేసే గతి నాకు యాల పట్టిందమ్మా?”

“మీ పేరు పేజీ లోపల ఉండాది మామా. పైన లోపలుండేది ఏందో రాసినాను, అంతే.”

“కాసేది మీరైతే ఏమి? అంగడి ఎవురిది? పాలు తెచ్చేదెవరు? ఈ పొద్దే మార్చెయ్. స్వామి పేరు పెట్టి, రామచంద్రప్ప అండ్ సన్స్ స్వహస్తాలతో కాచిన నెయ్యి అని రాయి. ఆ మాట గౌరవంగా ఉంటాది. ఆయమ్మ వచ్చేలోగా మారల్ల. ల్యాకపోతే నువ్వు ఇంక మదనపల్లె బస్సు ఎక్కేది వద్దు. ఆడ నేర్చుకొని వచ్చేది ఇదే అయితే, ఈడ ఇంట్లో పనికేం కొదవ?”

కుమారస్వామి గోడ మీది క్యాలెండర్ వంక చూస్తున్నాడు. తర్వాత గదిలో నెమ్మదిగా, బుజ్జగింపుగా చెప్పాడు. “నాయనకు వయసైంది. ఒక్క లైను కోసరం ఇంత రచ్చ అవసరమా సెప్పు?” ఒక్క లైను. నిజమే. అంత చిన్న లైనయితే దాని కోసం ఉద్యోగం మాన్పించేంత కోపం ఆయనకెందుకు వచ్చింది? అందులో ఝాన్సీ తన పేరు కూడా రాసుకోలేదు. అత్త పేరు రాయలేదు. ఊరూ పేరూ లేని ‘ఆడవాళ్ళు’ అన్న మాటకే ఇల్లు ఓర్చుకోలేకపోయింది. ఝాన్సీకి ఏడుపు వచ్చింది, దాన్ని మించి అవమానంగా అనిపించింది. బస్సు పోతే ఆ సెల్‌ఫోన్ షాపు మేడ పోతుంది, కిటికీ పక్క కుర్చీ పోతుంది, పేరు పెట్టి పిలిచే నలుగురు పోతారు. ఉంచుకోవాలంటే చేతుల్తో చేసిన పనిని చేతుల్తోనే చెరిపేయాలి.

వంటింట్లోకి పోయేసరికి రుక్మిణమ్మ పొయ్యి దగ్గర ఉంది. తల తిప్పకుండా అడిగింది. “ఏమని రాసినావు పాపా?”

ఝాన్సీ చెప్పింది.

“ఆడవాళ్ళు అంటే నన్ను గూడా కలిపే రాసినావా?”

“అవునత్తా. మీరు నేర్పిందే గదా.”

చప్పుడు అణిగిపోతోంది, రుక్మిణమ్మ మునగాకు వేసి బాండలి దించింది. దించాక కూడా చీరకొంగుతో బాండలి చెవులు పట్టుకునే కాసేపు అలా నిలబడి ఉంది.

శనివారం పొద్దున ఝాన్సీ ఎప్పటిలా లేచింది. సంగటి కెలికింది, వర్షితకు జడ వేసి బడికి పంపింది. వెన్న జోలికి పోలేదు. వెన్న నీళ్ళ బిందెలోనే ఉంది. స్నానం చేసి, ఆఫీసుకు పోయే చీర కట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని వసారాలోకి వచ్చింది. మామ, మొగుడు, మరిది కాఫీ తాగుతున్నారు. మాలతి పలమనేరు దారిలో వస్తోందట, ఇంకాసేపట్లో చేరుతుందని గణేష్ చెబుతున్నాడు. ఝాన్సీ ఫోన్ మామ చేతికిచ్చింది. ఆయన పెదాలు కదుపుతూ చదివాడు. స్వామి పేరు, తన పేరు, సన్స్, స్వహస్తాలతో కాచిన నెయ్యి. ఒక్క అక్షరం తగ్గలేదు.

“ఇప్పుడు బాగుండాది” అన్నాడు. ఆయన మొహం విప్పారింది. “పోయిరా అమ్మా ఆఫీసుకు. ఆయమ్మ వస్తే మీ అత్త ఉంటాది కాసేదానికి.”

“ఇంకొక మాట మామా.” ఝాన్సీ భుజాన బ్యాగు సర్దుకుంది. “మా ఆఫీసులో లోపల లేనిది పైన రాయగూడదని ఉండాది. మీరు స్వహస్తాలతో అని రాయమన్నారు, రాసినాను. ఆయమ్మ పైన రాసేదాన్ని నమ్ముకొనే ఇంత దూరం వస్తాండాది. రాసింది అబద్ధం కాగూడదు. వెన్న బిందెలో ఉండాది, కడగాల. పొయ్యి ఆడుండాది. ఈ పొద్దు నుంచి నెయ్యి మీరూ మీ కొడుకులూ కాయండి.”

కుమారస్వామి ముందు నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. “ఏందే, తమాషానా?”

“తమాషా కాదు. టైటిల్ నేను మార్చేసినా. పని మీరు మార్చుకోండి.”

వీధిలో కారు ఆగిన చప్పుడు. రామచంద్రప్ప ఇల్లు ఎక్కడని ఒక ఆడగొంతు అడుగుతోంది, పక్కింటివాళ్ళు చూపిస్తున్నారు. గణేష్ కాఫీ గ్లాసు కింద పెట్టి అన్న వంక చూశాడు, అన్న నాయన వంక చూశాడు. ముగ్గురిలో ఏ ఒక్కరికీ వెన్న ఎంతసేపు కడగాలో తెలియదు. రామచంద్రప్ప వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

“రుక్మిణీ! ఆయమ్మ వచ్చేసింది. నువ్వు పొయ్యి ఎలిగించు!”

రుక్మిణమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, తుడుచుకోవడానికి ఆ చేతులకు తడి లేదు. మొగుడి చేతిలో ఉన్న ఫోన్ వంక చూసి, కోడలితో అంది.

“దాంట్లో ఏముండాదో ఇంగోతూరి సదువు పాపా.”

ఝాన్సీ ఫోన్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. రుక్మిణమ్మ ఒక్కో మాటా విన్నది.

“సన్స్ అంటే కొడుకులే గదా?”

“అవునత్తా.”

రుక్మిణమ్మ గుమ్మం దాటి వసారాలోకి వచ్చి, మొగుడి ఎదుట ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

“మరి నన్ను పిలస్తావేంది? అందులో నేను ల్యాను.”